జాగ్రత్త: టికెట్ మీద పేరు ఒకరిది, విమానం నడిపేది మరొకరు

అమెరికాలోని పిల్లల దగ్గరకు అమ్మానాన్నలను పంపేందుకు టికెట్లు చూస్తున్నవారు, అందులోనూ చివరి మజిలీ చిన్న ఊరైనవారు, డబ్బు కట్టే ముందు ఇది చదవండి. మూడు నెలల క్రితం మా ఇంట్లో జరిగిన విషయం ఇది. సంస్థల పేర్లు రాయడం లేదు. ఈ పద్ధతి ఏ ఒక్క సంస్థకో పరిమితమైనది కానందున, పేరు చెబితే మిగిలినవి సురక్షితమనే భ్రమ కలుగుతుంది.

మా అక్క ఇలినాయ్ రాష్ట్రంలోని పియోరియాలో ఉంటుంది. శంషాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా షికాగో, అక్కడి నుంచి పియోరియా వరకు ఒకే పీఎన్‌ఆర్ మీద రానూపోనూ టికెట్లను అమీర్‌పేటలోని ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గర తీసుకున్నాను. చివరి మజిలీకి అమెరికాలోని ఒక పెద్ద విమాన సంస్థ పేరు, గుర్తు, కోడు ఉన్నాయి. నాన్నగారికి 71 ఏళ్లు, ఇంగ్లిషు అంతంతమాత్రం. ఇద్దరికీ కలిపి పద్దెనిమిది వేలు ఎక్కువైనా పెద్ద పేరున్న సంస్థ అయితే చూసుకునే దిక్కు ఉంటుందని దాన్నే ఎంచుకున్నాను. ఫ్లైట్ నంబరు కింద బూడిద రంగు చిన్న అక్షరాల్లో ‘ఆపరేటెడ్ బై’ (నడిపేది) అని మరో పేరు ఉంది. చూడలేదని అబద్ధం చెప్పను, చూశాను. ఏదో అనుబంధ సంస్థ అయి ఉంటుందిలే అని వదిలేశాను.

షికాగోలో ఆ మధ్యాహ్నం ఉరుములు, వాన. సాయంత్రం ఆరున్నరకు బయలుదేరవలసిన విమానం తొమ్మిదిన్నరకు ప్రయాణికులను ఎక్కించుకుంది. అది 50 సీట్ల చిన్న విమానం కాబట్టి పై అరల్లో మన క్యాబిన్ సూట్‌కేసులు పట్టవు. తలుపు దగ్గరే ట్యాగు కట్టి తీసుకుంటారు. నాన్నగారి ఇన్సులిన్ పెన్నులు, బీపీ మాత్రలు ఆ పెట్టెలోనే ఉన్నాయి. తీసుకుంటానని ఆయన చేతితో సైగ చేసేలోపే పెట్టె కిందికి వెళ్లిపోయిందట. నలభై నిమిషాలు కూర్చోబెట్టిన తరువాత, పైలట్ల డ్యూటీ సమయం ముగిసిందని, ఫ్లైట్ రద్దయిందని చెప్పి అందరినీ దింపేశారు. ఇందులో పైలట్ల తప్పేమీ లేదు, సమయం దాటాక ఎగరకూడదన్నది చట్టం. కౌంటరులో మాత్రం మొదటి కారణం వాన కాబట్టి హోటల్ ఇవ్వబోమన్నారు. బదులు వేరే పైలట్లు ఎందుకు లేరని అక్క ఫోనులో అడిగితే, సిబ్బంది వ్యవహారం ఆ నడిపే సంస్థదని, తమ చేతిలో లేదని సమాధానం వచ్చింది. పెట్టె చేతికి అందేసరికి రాత్రి పన్నెండు దాటింది. బావగారు పియోరియా నుంచి మూడు గంటలు కారు నడుపుకొని వచ్చి వాళ్లను తీసుకెళ్లారు.

ఆ పెద్ద సంస్థ చేతిలో ఎందుకు ఉండదన్నది నాకు తరువాత మా పెద్దమ్మగారి అబ్బాయి వివరించాడు. అతను అమెరికాలో, పెద్ద సంస్థల పేరు మీద చిన్న విమానాలు నడిపే అలాంటి ఒక ప్రాంతీయ సంస్థలోనే ఫస్ట్ ఆఫీసరు, అంటే కో-పైలట్. విమానం మీద రంగులు, పేరు, టికెట్ సొమ్ము పెద్ద సంస్థవి. పైలట్లు, క్యాబిన్ సిబ్బంది, విమానాలు నడిపే అనుమతి ప్రాంతీయ సంస్థవి. ఎన్ని సీట్లు నిండాయన్నదానితో సంబంధం లేకుండా, ఇన్ని ఫ్లైట్లకు, ఇన్ని గంటలకు ఇంత అని పెద్ద సంస్థ చెల్లిస్తుంది. తక్కువకు నడుపుతామన్నవారికి ఒప్పందం దక్కుతుంది, గడువు తీరాక అవే రూట్లు ఇంకొకరికి వెళ్లిపోవచ్చు. ఇంకొకరికి వెళ్తే పైలట్ల సీనియారిటీ వాళ్ల వెంట రాదు. పదిహేనేళ్లు కెప్టెనుగా చేసినవాడైనా కొత్త సంస్థలో జాబితా అడుగు నుంచి మొదలుపెట్టాలి. మన దగ్గర కాంట్రాక్టు ఉద్యోగుల గోడు తెలిసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

అందుకే అక్కడి పెద్ద సంస్థల పైలట్ల సంఘాలు దశాబ్దాలుగా తమ వేతన ఒప్పందాల్లో ‘స్కోప్ క్లాజ్’ అనే షరతు కోసం పట్టుబడుతున్నాయి. బయటివారికి అప్పగించే విమానం ఎంత పెద్దది ఉండవచ్చో, ఎన్ని ఉండవచ్చో అందులో రాసి ఉంటుంది. ఇప్పుడు అమెరికన్, డెల్టా, యునైటెడ్ అనే మూడు పెద్ద సంస్థల్లోనూ గరిష్ఠ పరిమితి 76 సీట్లు, 86 వేల పౌండ్ల బరువు. ఈ బరువు షరతు దాటినందుకే బ్రెజిల్ విమాన తయారీ సంస్థ ఎంబ్రాయర్ కొత్తగా తెచ్చిన ఈ175-ఈ2 విమానానికి అక్కడ చోటు దొరకలేదు. పైలట్లు తమ ఉద్యోగాలు కాపాడుకోవడానికే ఇదంతా చేస్తున్నారని యాజమాన్యాలు అంటాయి. అందులో నిజం ఉంది. అయితే పైలట్ల రెండో వాదన కొనుగోలుదారుగా నాకు ముఖ్యమనిపించింది: ఒకే పేరు మీద అమ్మే టికెట్ వెనుక శిక్షణ, అనుభవం, విశ్రాంతి, జీతం అన్నీ ఒకే స్థాయిలో ఉండాలని వాళ్లు అడుగుతున్నారు.

ఆ వాదనకు బలం చేకూర్చిన ప్రమాదం 2009 ఫిబ్రవరి 12న జరిగింది. కాంటినెంటల్ అనే పెద్ద సంస్థ పేరుతో టికెట్లు అమ్మిన 3407 ఫ్లైట్‌ను నిజానికి కోల్గన్ ఎయిర్ అనే ప్రాంతీయ సంస్థ నడిపింది. నెవార్క్ నుంచి బఫెలో వెళ్తూ అది ఒక ఇంటి మీద కూలింది. విమానంలోని 49 మంది, నేల మీద ఒకరు చనిపోయారు. స్టాల్ (రెక్కలు విమానాన్ని గాలిలో నిలపలేని స్థితి) హెచ్చరిక వచ్చినప్పుడు కెప్టెన్ స్పందించిన తీరు తప్పని దర్యాప్తు తేల్చింది. ఆయన అంతకుముందు కొన్ని పరీక్షల్లో తప్పారని, ఏడాదికి దాదాపు 16 వేల డాలర్ల జీతం మీద పనిచేస్తున్న ఫస్ట్ ఆఫీసరు ముందురోజు రాత్రంతా ప్రయాణించి సియాటిల్ నుంచి డ్యూటీకి వచ్చారని అప్పుడు బయటపడింది. మృతుల కుటుంబాలు పట్టు విడవకపోవడంతో 2010లో చట్టం వచ్చింది. కో-పైలట్లకు కూడా సాధారణంగా 1,500 గంటల అనుభవం ఉండాలన్న నియమం, 2014 నుంచి అమలైన విశ్రాంతి నియమాలు ఆ చట్టం ఫలితాలే. టికెట్ వెతకగానే మొదటి తెర మీదే నడిపే సంస్థ పేరు చూపాలని వెబ్‌సైట్లను ఆదేశించింది కూడా ఆ చట్టమే. నేను చూసీ వదిలేసిన బూడిద రంగు పంక్తి వెనుక ఇంత చరిత్ర ఉంది.

ప్రాంతీయ విమానం ఎక్కవద్దని నేను చెప్పడం లేదు. 2022 నుంచి అక్కడి పైలట్ల జీతాలు కూడా బాగా పెరిగాయి. చిన్న ఊరికి వేరే దారి ఉండకపోవచ్చు కూడా. కొనేటప్పుడే తెలుసుకొని కొనమంటున్నాను. ఏజెంటు ఇచ్చిన ఇటినరరీలో విమానం రకం కోడు చూడండి: సీఆర్2 అంటే 50 సీట్ల జెట్, సీఆర్7, సీఆర్9, ఈ75 అంటే 76 సీట్ల వరకు ఉన్నవి, ఏటీ7 అంటే మన దగ్గర తిరిగే ఏటీఆర్. ఇవి కనిపిస్తే మందులు, పాస్‌పోర్టులు భుజానికి వేసుకునే సంచిలో పెట్టండి. ఈ-టికెట్ 13 అంకెల్లో మొదటి మూడు అంకెలు టికెట్ జారీ చేసిన సంస్థను చెబుతాయి. గొడవ వస్తే ముందు పట్టుకోవలసింది వారినే. మా టికెట్ జారీ చేసింది గల్ఫ్ సంస్థ అని నాకు తెలియక, మొదటి నాలుగు రోజులు అమెరికా సంస్థకు ఫోన్లు చేస్తూ గడిపాను.

మన దేశంలోనూ ఈ పంక్తిని చదవడం అలవాటు చేసుకోవాలి. 2023లో ఇండిగో ఇస్తాంబుల్‌కు నడిపిన పెద్ద విమానాలు టర్కిష్ ఎయిర్‌లైన్స్ నుంచి పైలట్లతో సహా అద్దెకు తెచ్చినవే.

ఇక నాలుగు రోజుల ఫోన్లు ఎందుకో చెప్పలేదు. ఫ్లైట్ రద్దవగానే కంప్యూటరు అమ్మానాన్నలను మర్నాడు ఉదయం ఫ్లైట్‌కు మార్చింది. వాళ్లు అప్పటికే కారులో పియోరియా చేరుకున్నారు. ఎక్కలేదు కాబట్టి ‘నో-షో’ అని నమోదై, తిరుగు ప్రయాణం మొత్తం దానంతట అదే రద్దయింది. వారం తరువాత బావగారు ఊరికే సీట్లు చూద్దామని తెరిస్తే గానీ ఈ సంగతి తెలియలేదు. రోడ్డు మార్గంలో వెళ్లిపోతుంటే, కౌంటరు వదిలే ముందే మిగిలిన మజిలీ అక్కర్లేదని, తిరుగు ప్రయాణం అలాగే ఉంచమని చెప్పి, చెప్పినట్టు రాతలో తీసుకోండి. మాకు ఏజెంటు, గల్ఫ్ సంస్థ, అమెరికా సంస్థ ముగ్గురి మధ్య తిరిగి టికెట్లు మళ్లీ జారీ కావడానికి పదకొండు రోజులు పట్టింది. ఈసారి షికాగో నుంచే ఎక్కేలా రాయించాను. అక్కడి వరకు బావగారే కారులో దింపుతారు.