పులస అని చెప్పి ఇలస అంటగట్టాడు: ల్యాబుకి సిస్టమ్‌లు కొనేవాళ్లు జాగ్రత్త

రాజమండ్రిలో రీఫర్బిష్డ్ సిస్టమ్‌లు అమ్మే ఆయన. పేరు రాయను, గోదావరికి ఈవలా ఆవలా కాలేజీ ల్యాబులు చూసేవాళ్లందరికీ తెలిసిన మనిషే.

నేను యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంట్ ల్యాబు చూస్తాను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోతోందని కంగారు. మావి ఏడో జనరేషన్ ఐ5 ప్రాసెసర్లు, విండోస్ 11కి పనికిరావు. పన్నెండింటినీ బైబ్యాక్‌కి ఇచ్చేసి, పైన డబ్బు కట్టి వేరే పన్నెండు తెచ్చాను. "11 ఎక్కుతుందా?" అంటే "ఆయ్, ఎక్కించే ఇస్తానండి" అన్నాడు. టీ కూడా ఇప్పించాడు.

మొన్న సెంట్రల్ ఐటీ వాళ్లు చెక్ చేసి పన్నెండింటికీ నెట్‌వర్క్ తీసేశారు. లోపలున్నది విండోస్ 11 ప్రో, అందులోనూ 23హెచ్2 అనే పాత వెర్షన్. దానికి సపోర్ట్ 2025 నవంబర్ 11నే అయిపోయింది. తర్వాతి వెర్షన్ అప్‌డేట్‌లో రాదు. ప్రాసెసర్ చూస్తే ఐ5-6500, అంటే ఆరో జనరేషన్! హార్డ్‌వేర్ చెకింగ్ తప్పించి ఎక్కించేశాడు. ఏడోది ఇచ్చి, ఎదురు డబ్బు కట్టి, ఆరోది మోసుకొచ్చిన మహానుభావుణ్ని నేనే. ఐ5 స్టిక్కర్ చూసి మురిసిపోయాను కూడా.

ఫోన్ చేశాను. "ఎక్కుతుందా అన్నారు, ఎక్కించాను. అప్‌డేట్లు వస్తాయా అని అడిగారా?" అన్నాడు. అడగలేదు. "యూనివర్సిటీలో ఉండి ఆ మాత్రం తెలీకపోతే ఎలా మాస్టారూ" అని నవ్వాడు. వెనకాల షాపులో ఇంకెవరో కూడా నవ్వారు. స్పీకర్‌లో పెట్టాడన్నమాట! కొన్న రోజు మాటకో "ఆయ్", ఇప్పుడు ఒక్క "అండీ" కూడా లేదు. బిల్లు తీస్తే "డెస్క్‌టాప్‌లు 12" అని ఒకే ముక్క.

ఇంకా కడుపు మండేదేంటంటే, వాల్యూమ్ లైసెన్స్ (సంస్థ మొత్తానికి కలిపి తీసుకునేది) ఉన్న విద్యాసంస్థలకి విండోస్ 10 సెక్యూరిటీ అప్‌డేట్లు మొదటి ఏడాది సిస్టమ్‌కి ఒక్క డాలరేనట. పన్నెండు డాలర్లతో పోయేది. మా జూనియర్ నిన్న చెప్పాడు, చాలా త్వరగా.

కొనేముందు షాపులోనే చూసుకోండి: ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ లేదా ఆపైన, టీపీఎం 2.0 (విండోస్ 11 అడిగే సెక్యూరిటీ చిప్). రెండూ బిల్లు మీద రాయించండి. టీ తర్వాత తాగొచ్చు.

సోమవారం నుంచి ప్రాక్టికల్స్. కూర్చుని పన్నెండింటికీ విండోస్ బదులు ఉచితంగా దొరికే ఉబుంటు 24.04 ఎక్కిస్తున్నా. ఇప్పటికి నాలుగు అయ్యాయి.