స్టోరీవీవర్ సమీక్ష: ఇంటి భాష వేరైన పిల్లలున్న తరగతికి ఎంతవరకు పనికొస్తుంది?

బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ సంస్థ 2015 సెప్టెంబర్ 8న తెరిచిన ఉచిత కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్. మొదటి రోజు 24 భాషల్లో 800 పుస్తకాలుంటే, ఇప్పుడు భాషలే 300 దాటాయి. తెలుగు కథలు చదివించడానికి మాత్రమే అయితే ఇదొక మంచి లైబ్రరీ, అంతకు మించి చెప్పుకోవాల్సింది లేదు. ఇంట్లో లంబాడీయో కోయో ఒడియానో మాట్లాడి, బడికొచ్చి నోరు విప్పని పిల్లతో టీచరు మాట కలపాలంటే మాత్రం ఇంతకంటే చవకైన సాధనం లేదు. ఈ సమీక్ష ఆ ఒక్క పనికే పరిమితం.

ఒక్క మాట చూడండి. గోండీలో, కోయలో ‘ఏర్’ అంటే నీళ్లు. తెలుగులో ఏరంటే వాగు. ఒకటో తరగతి పిల్ల ‘ఏర్’ అని అడిగితే, ఆ సంగతి తెలియని టీచరు వాగు గురించి ఏదో చెబుతోందనుకుంటారు. పిల్ల ఒకటికి రెండుసార్లు అడిగి ఊరుకుంటుంది. మూడోసారి అడగదు. అదే లంబాడీ పిల్ల అయితే, ‘యాడి’ (అమ్మ), ‘పాణి’ (నీళ్లు) లాంటి పది మాటలు టీచరు నోట వింటే ముందు బెంచీకి జరుగుతుంది. బొమ్మల పుస్తకం ఆ మాటలు రాబట్టే కొక్కెం.

సైటులో తెలుగు ఎంచుకుని లెవెల్ 1లో వెతకండి. మొత్తం నాలుగు లెవెల్స్. మొదటిదానికి 250 మాటల లోపు, రెండోదానికి 600, మూడోదానికి 1500, ఆపైన నాలుగోది. తిరకాసు ఇక్కడే ఉంది. లెక్క మాటలది, తెలుగు మాటేమో పక్కదాన్ని అతికించుకుని పెరుగుతుంది. ‘ఎగిరిపోయిందనుకుంది’ లెక్కకు ఒకటే మాట, చదివే పిల్లకు కొండ. అందుకని లెవెల్ నంబరును నమ్మకుండా పేజీ తెరిచి ఒత్తులున్న మాటలు లెక్కపెట్టండి. నాలుగైదు దాటితే ఆ పుస్తకం పిల్ల చదవడానికి కాదు, టీచరు చదివి వినిపించడానికి.

అనువాదాలు ఎవరైనా చేయొచ్చు కాబట్టి నాణ్యత ఒక్కతీరుగా ఉండదు. కొన్ని చక్కగా ఉంటాయి, కొన్నింట్లో బామ్మ కూడా పాఠ్యపుస్తకంలా మాట్లాడుతుంది. కూరగాయల కథ తీసుకుంటే సొరకాయ కోస్తాలో ఆనపకాయ, తెలంగాణలో చాలాచోట్ల ఆనిగెపుకాయ. తెలుగు పిల్లలకే ఇల్లు ఒకటి, పుస్తకం ఒకటి. ఆ మాట మార్చి మీ ఊరి ప్రతి తయారు చేసుకునే హక్కు మీకుంది. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఇచ్చిన పుస్తకాలివి, ప్రింటు తీయొచ్చు, మార్చొచ్చు, అనువదించొచ్చు. రచయిత, బొమ్మల కళాకారుల పేర్లున్న చివరి పేజీని మాత్రం ఉంచాలి. కాగితం కలిసొస్తుందని జిరాక్స్‌లో అందరూ మొదట ఎగరగొట్టేది ఆ పేజీనే.

అసలు పని ఇలా సాగాలి. పది పన్నెండు పేజీల పుస్తకం ఎంచుకుని, అక్షరాల మీద అట్టముక్క పెట్టి, బొమ్మలతోనే కథ చెప్పండి. ఒకే ఇంటి భాష పిల్లల్ని ఇద్దరు ముగ్గుర్ని కలిపి కూర్చోబెట్టండి. తరగతి ముందు ఒక్కదాన్నే నిలబెట్టి ‘మీ భాషలో చెప్పవే’ అంటే వెనక నవ్వులు మొదలవుతాయి, దాంతో ఆ పిల్ల నెల రోజులు మాట్లాడదు. టీచరు ముందుగా తానే పలకాలి. తప్పు పలుకుతారు, పిల్లలు దిద్దుతారు. టీచరును దిద్దే అవకాశం వాళ్లకు బడిలో దొరికేది అప్పుడే. రోజుకు ఐదారు మాటలు చాలు. పిల్లలకు తెలియనివాటికి మధ్యాహ్న భోజనం వండే అక్కను అడగండి, చాలా బడుల్లో ఆమెది ఆ తండానో గూడెమో అయ్యుంటుంది. ఆమెను ఒకరోజు తరగతిలో కూర్చోబెట్టి కథ చెప్పిస్తే ఇంకా మేలు.

ఖాతా తెరిచి అనువాదం నొక్కితే మూలం పక్కనే మన వాక్యం టైపు చేసుకోవచ్చు. ఇంటి భాష పేరు జాబితాలో కనిపించగానే సంబరపడొద్దు, లిపి చూడండి. మధ్య భారతంలో గోండీని ఎక్కువగా దేవనాగరిలో రాస్తారు, మన వైపు పిల్లలు నేర్చుకునేది తెలుగు లిపి. గోండీకున్న సొంత లిపుల్లో ఒకటైన గుంజాల గోండీ లిపికి 2018లో యూనికోడ్‌లో (కంప్యూటర్లు, ఫోన్లు వాడే అక్షరాల ప్రమాణం) చోటు దక్కినా చదవగలిగే టీచర్లు కొద్దిమందే. లిపి కుదరకపోతే మొదటి పుస్తకానికి సైటుతో కుస్తీ పట్టకండి. తెలుగు ప్రింటు మీద ప్రతి వాక్యం కింద ఇంటి భాష వాక్యాన్ని తెలుగు లిపిలో స్కెచ్‌పెన్నుతో రాయండి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది గిరిజన భాషల్లో మొదలుపెట్టిన బహుభాషా బోధన వాచకాలూ తెలుగు లిపిలోనే. అవి మీ బడి బీరువాలో ఉంటే ముందు దుమ్ము దులపండి, మాటల కోసం వాటికి మించినవి లేవు.

ప్రింటు విషయంలో: 16 పేజీల పుస్తకానికి ఏ4 కాగితాలు నాలుగు. బుక్‌లెట్ సెట్టింగులో, రెండు వైపులా, పొట్టి అంచు మీద తిప్పేలా పెట్టాలి. పొడుగు అంచు పెడితే ఒక పేజీ తలకిందులుగా వస్తుంది. 70 జీఎస్‌ఎం (కాగితం మందాన్ని చెప్పే కొలత) కాగితంలో వెనక బొమ్మ కనబడుతుంది, 100 అయితే నయం. ముదురు రంగుల బొమ్మలు నలుపు తెలుపు జిరాక్స్‌లో మసి ముద్దలవుతాయి, కాబట్టి గీతల బొమ్మలున్నవి ఏరుకోండి. పిన్ను మొన బయటి వైపుంటే దాని మీద టేపు అతికించండి.

లోటుపాట్లలో పెద్దది ఇంటి చిత్రమే. బొమ్మల్లోని ఇల్లు, వంట, బట్ట మన పల్లెవి కాని పుస్తకాలు చాలా ఉన్నాయి. ఇటుక బట్టీల దగ్గరికి వచ్చే ఒడియా పిల్లల సంగతి వేరు. వాళ్లకు ఒడియా లిపిలో ఒడియా కథలే సిద్ధంగా దొరుకుతాయి. టీచరుకు ఆ లిపి రాకపోయినా, అదే కథ తెలుగు ప్రతిని పక్కన పెట్టుకుని పేజీకి పేజీ కలిసి చదవొచ్చు. పిల్లలతో కలిసి చేసిన అనువాదం సైటులో పెట్టేటప్పుడు వాళ్ల పేర్లు, ఊరు, ఫొటోలు అందులో రాకుండా చూసుకోండి, అక్కడ పెట్టింది ఎవరైనా వాడుకోవచ్చు.

ఫోన్లో చూపించడం కంటే కాగితం ప్రతే మేలు. ముప్పై మందికి ఒక ఫోను చాలదు, పైగా ఫోను ఇంటికి పంపలేరు. పుస్తకం శనివారం సంచిలో వెళ్లి సోమవారం తిరిగొస్తుంది. వచ్చినప్పుడు చూడండి: ఒక మాట కొట్టేసి, దాని పక్కన ఇంకో మాట రాసి ఉంటే, ఇంట్లో ఎవరో చదివారన్నమాట.