‘స్టేజ్ మేనేజర్ కిట్’ అని అమ్ముతున్న సంచితో జాగ్రత్త, ముఖ్యంగా అందులోని టేపులతో

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పరిషత్తు పోటీలకు సిద్ధమవుతున్న నాటక సమాజాల వారికి ఈ హెచ్చరిక. తెర వెనక పనంతా చూసుకునే స్టేజ్ మేనేజరు కోసమని, ‘నలభై వస్తువులతో స్టేజ్ మేనేజర్ కిట్’ అంటూ ఆన్‌లైన్‌లో ఒక నల్ల సంచి అమ్ముతున్నారు. మా సమాజం కొని దెబ్బతింది. అమ్మినవారి పేరు రాయడం లేదు. పేరు మార్చుకోవడం వాళ్లకెంతసేపు, గుర్తుపట్టాల్సింది సరుకుని. ఆ నలభైలో ఇరవై నాలుగు పిన్నీసులే అన్నది సంచి విప్పాకే తెలుస్తుంది.

అసలు మోసం రేడియం టేపులో ఉంది. లారీ వెనక అంటించే స్టిక్కర్నీ మనం రేడియమే అంటాం, చీకట్లో తనంతట తాను వెలిగే టేపునీ రేడియమే అంటాం. నిజానికి రెండింటిలోనూ రేడియం లేదు. లారీ స్టిక్కరు తన మీద పడ్డ వెలుగును వచ్చిన వైపుకే తిప్పికొడుతుంది, హెడ్‌లైటు లేకపోతే అది ఉత్త ప్లాస్టిక్కు. రెండోది వెలుగును తాగి దాచుకుని, తర్వాత ఆకుపచ్చగా వదులుతుంది. మనకు కావలసింది ఇదే. సంచిలో వచ్చింది లారీ స్టిక్కరు. రంగం మార్పుకు లైట్లన్నీ ఆర్పితే మెట్టు అంచు, ఫ్లాటు (సెట్టు గోడగా నిలబెట్టే చట్రం) కాలు, బల్ల మూల ఏవీ కనబడవు. పాత్రధారి చీకట్లో వింగులోకి, అంటే స్టేజి పక్క మరుగులోకి, పరుగెత్తేది ఆ గుర్తునే నమ్ముకుని. పైగా లైట్లు వెలిగాక, ముందు నుంచి వేసే లైట్ల పక్కన కూర్చున్నవాళ్లకీ ఫ్లాషుతో ఫొటోలు తీసేవాళ్లకీ అది తళుక్కుమంటుంది.

కొనేటప్పుడే పరీక్షించండి. ఫోను టార్చి కింద టేపును ఒక నిమిషం పెట్టి, రెండు చేతుల మధ్య మూసి, సందులోంచి చూడండి. లేత ఆకుపచ్చ కనబడకపోతే అక్కడే తిరిగి ఇచ్చేయండి. కనబడితే పది నిమిషాలాగి మళ్లీ చూడండి. జింక్ సల్ఫైడ్‌తో చేసిన పాత రకం త్వరగా మసకబారుతుంది, స్ట్రాన్షియం అల్యూమినేట్ రకం గంటల తరబడి నిలుస్తుంది. మంచి టేపైనా చీకటి వింగులో ఊరికే పడి ఉంటే వెలగదు. తెర ఎత్తేలోపు దాని మీద కాసేపు లైటు పడేలా చూడాలి. సెంటీమీటరు వెడల్పు, మూడు సెంటీమీటర్ల పొడవు ముక్క చాలు. ఎక్కువ అంటిస్తే చీకట్లో స్టేజి మీద చుక్కలు పొడిచినట్టుంటుంది.

ఇక ‘గాఫర్ టేపు’, అంటే స్టేజి మీద వైర్లనీ మ్యాట్లనీ నేలకు అంటించే బట్ట టేపు. సంచిలో ఆ పేరుతో ఉన్నది నల్లగా నిగనిగలాడే ప్లాస్టిక్ టేపు. అసలు గాఫర్ నూలు బట్ట మీద చేస్తారు, మెరవదు, కత్తెర లేకుండా చేత్తో అడ్డంగా తిన్నగా చిరుగుతుంది, తీసేటప్పుడు జిగురు పెద్దగా వదలదు. ప్లాస్టిక్ టేపు లైట్ల వేడికి, మన తీరపు ఉక్కకు జిగురు కారి నేలకు పట్టుకుపోతుంది. విజయనగరం ఆనంద గజపతి ఆడిటోరియంలోనైనా శ్రీకాకుళం బాపూజీ కళామందిర్‌లోనైనా స్టేజి నేల మీద బంక వదిలి వస్తే, తర్వాత ఆడేవాళ్ల కాళ్లకు అంటుకునేది అదే. పొడవులోనూ దగా ఉంది: అట్ట మీద 50 మీటర్లని రాసి, లోపలి అట్టగొట్టం లావుగా పెట్టారు, కొలిస్తే సగమే. ఒక నాటికకు 48 మిల్లీమీటర్ల నల్ల గాఫర్ ఒక చుట్ట చాలు. సెట్టు గుర్తులకు 12 మిల్లీమీటర్ల రంగు బట్ట టేపు మూడు రంగుల్లో కొనండి. రంగానికో రంగు కేటాయించి, సామాను వెనక రెండు కాళ్ల దగ్గర మాత్రమే ‘ఎల్’ ఆకారంలో వేయండి. నాలుగు కాళ్లకూ వేస్తే పోటీల హడావుడిలో ఏది ఏదో తెలియదు. ఊళ్లలో స్టేజి మీద పరిచే ఆకుపచ్చ మ్యాటుకు ఏ టేపూ నిలవదు, అందులోనూ సంక్రాంతి రోజుల్లో రాత్రి మంచు పడితే అసలే పట్టదు. అక్కడ రంగు గుడ్డ పేలికను సూదీ దారంతో రెండు కుట్లు వేయడమే మార్గం.

సంచిలో ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా ఇస్తారు. అన్నింటికన్నా ప్రమాదకరమైనది అదే, వెంటనే పక్కన పడేయండి. మాకు వచ్చినదాని ప్లగ్గు విప్పితే లోపల రెండు వైర్లే ఉన్నాయి, మూడో పిన్ను ఉత్త అలంకారం. అంటే ఎర్తింగు లేదు. ఇనుప బాడీ ఉన్న లైటును దానికి తగిలించి తడి నేల మీద నిలబడి ముట్టుకుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. కేబులు కూడా సన్నం. వెయ్యి వాట్ల పార్ లైటు (స్టేజికి వాడే డబ్బాలాంటి లైటు) ఒక్కటే 230 వోల్టుల దగ్గర నాలుగు ఆంపియర్లకు పైగా లాగుతుంది, రెండు తగిలిస్తే ఆరు ఆంపియర్ల సాకెట్టు దాటిపోతుంది. కేబులు మీద ఐఎస్ 694, ప్లగ్గు సాకెట్ల మీద ఐఎస్ 1293 ముద్ర చూడండి. చుట్టి ఉన్న కేబులును పూర్తిగా విప్పకుండా వాడకండి, చుట్టలోనే వేడెక్కి పైపొర మెత్తబడుతుంది. ఏదేమైనా లైట్ల లోడు లైట్లవాళ్ల బాధ్యత. స్టేజ్ మేనేజరు బాక్సు ఫోను ఛార్జింగుకీ చిన్న టేబుల్ లైటుకీ మించి వాడకూడదు.

టార్చి మరో తలనొప్పి. ఆర్పడానికి నొక్కిన ప్రతిసారీ పెద్ద వెలుగు, చిన్న వెలుగు, మిణుకు మిణుకు అని వరస మారుతుంది. బ్లాకౌట్‌లో అది మిణుకుమంటే జనమంతా వింగు వైపే చూస్తారు. ఒక్క నొక్కుకు వెలిగి, ఒక్క నొక్కుకు ఆరే చిన్న టార్చీలు రెండు కొని, అద్దానికి నీలం జిలెటిన్ కాగితం రెండు పొరలు కట్టండి. పని అయ్యాక సెల్సు తీసేయాలి, చౌక సెల్సు కారి స్ప్రింగును తినేస్తాయి. సంచిలోని స్టాప్‌వాచీ ప్రతి నొక్కుకూ కూతపెడుతుంది, ఆ కూత ఆపే వీలు లేదు. పైన వేలాడే మైకు దాన్ని హాలంతా వినిపిస్తుంది.

పిన్నీసులు రెండు వారాల్లో తుప్పు పట్టాయి. తెల్ల పంచెకు తుప్పు మరక పడితే వదలదు, స్టీలువే కొనండి, చిన్నవీ పెద్దవీ చెరో రెండు డజన్లు. ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో మందుల తేదీలు దాటిపోయాయి.

ఇవన్నీ విడివిడిగా విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కలో శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గరో చేత్తో పట్టుకుని చూసి కొనొచ్చు. గాఫర్, వెలిగే టేపు దొరక్కపోతే ఆ రెండే తెప్పించుకోండి. టేపులు, టార్చీలు కాక ఉండాల్సినవి: సుత్తి, కటింగ్ ప్లేయరు, బైండింగ్ వైరు, పురికొస, కత్తెర, సుద్దముక్కలు, నలుపు తెలుపు దారాలు, టిచ్ బటన్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, ప్రాంప్టు ప్రతికి (వింగులో పట్టుకుని మాటలు అందించే నాటక ప్రతి) గట్టి ఫైలు, నాలుగు పెన్సిళ్లు, రబ్బరు. అందులో రాసుకునే క్యూలు (లైటు, శబ్దం, ప్రవేశం ఎప్పుడో చెప్పే గుర్తులు) రిహార్సలు రిహార్సలుకీ మారతాయి కాబట్టి పెన్ను వద్దు.

ఇప్పటికే కొన్నవాళ్లు పార్సిలు విప్పుతూ వీడియో తీసి, టేపును కొలిచి ఆ వీడియో కూడా ఉంచుకోండి. పొడవు తక్కువైనా, అట్ట మీద తయారీదారు చిరునామా, ఎమ్మార్పీ లేకపోయినా ఫిర్యాదు తూనికలు కొలతల శాఖకు. డబ్బు వాపసు కోసం ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, అయిదు లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు, గడువు రెండేళ్లు. బిల్లు మాత్రం సమాజం పేరున కాక కొన్నవారి పేరున ఉంటే, ఫిర్యాదు కూడా ఆ వ్యక్తి పేరునే వేయండి.