విశాఖలో బయటి కెమెరాకు ఏ హౌసింగ్: అల్యూమినియమా, పాలికార్బొనేటా?

బీచ్ రోడ్డు ఇంటికీ కొండవైపు ఇంటికీ ఒకటే హౌసింగ్ (కెమెరాను కాపాడే పైపెట్టె) చాలని షాపులో చెప్పినా నమ్మకండి. సముద్రం ఎంత దగ్గరో ముందు చూసుకోవాలి.

అల్యూమినియం గట్టిది. లోపలి వేడిని త్వరగా బయటికి వదులుతుంది, మే నెల ఎండలో అది చిన్న విషయం కాదు. గొడవంతా ఉప్పుగాలితోనే. పౌడర్ కోటింగ్ మీద చిన్న గీత పడితే చాలు, అక్కడ తెల్లపొడి పట్టి పెయింటు పొక్కులు లేస్తుంది. స్టీలు స్క్రూ బిగించిన చోట ఉప్పుతేమ చేరిందంటే అల్యూమినియం ఇంకా వేగంగా పాడవుతుంది.

పాలికార్బొనేట్ ఒక గట్టి ప్లాస్టిక్, దానికి తుప్పు బెడదే లేదు. కాకపోతే యూవీ రక్షణ లేని రకం ఎండకు పసుపెక్కి పెళుసుబారుతుంది.

దుమ్మూ నీళ్లూ ఎంతవరకు ఆగుతాయో చెప్పే రేటింగుల్లో ఐపీ66 రెండిట్లోనూ దొరుకుతుంది. దుమ్మూ, జోరుగా కొట్టే నీళ్లూ లోపలికి పోవు. ఉప్పు సంగతి మాత్రం ఆ అంకె చెప్పదు. ఇక 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలి చూసినవాళ్లకు గోడ బోల్టుల గురించి వేరే చెప్పాలా!

సముద్రం కనిపించే ఇంటికైతే నా ఓటు యూవీ రక్షణ ఉన్న పాలికార్బొనేట్‌కే, ఉప్పును బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్క్రూలతో. సముద్రానికి దూరంగా, రాయి తగిలే ఎత్తులో ఉంటే అల్యూమినియం. ఏది కొన్నా, ఇన్‌ఫ్రారెడ్ లైట్లున్న కెమెరాను మామూలు అద్దం వెనక పెట్టకండి. ఆ వెలుగు అద్దానికి తగిలి వెనక్కొచ్చి, రాత్రి వీడియో అంతా తెల్లగా మసకేస్తుంది.