పాత కారుకు సరైన పార్ట్ నంబరు: ఏ ఆన్‌లైన్ కాటలాగును ఎంతవరకు నమ్మవచ్చు?

ఇరవై ఏళ్లు దాటిన కారుకు స్పేర్ పార్టు దొరకడం ఒక ఎత్తు, అది సరైనదేనని తేల్చుకోవడం మరో ఎత్తు. బ్రాండు, మోడల్, సంవత్సరం ఎంచుకుంటే జాబితా చూపించే సైట్లు బోలెడున్నాయి. కానీ అవి ఒకే కారుకు మూడు రకాల బ్రేకు డిస్కులు చూపించి, మూడూ సరిపోతాయన్నట్టు వదిలేస్తాయి. ఆ మూడింటికీ తేడా ఎక్కడుందో చెప్పేదే పాత కారుకు పనికొచ్చే కాటలాగు. ఏ నెల వరకు పాత డిస్కు, ఏ నెల నుంచి కొత్తది, ఏ ఇంజిన్‌కు ఏది అన్నది అందులో కనిపించాలి. రియల్‌ఓఈఎం, పార్ట్‌సౌక్, అమయామా, రాక్‌ఆటో అనే నాలుగు సైట్లను ఇక్కడ ఆ ఒక్క కొలతతోనే చూస్తున్నాం.

ఏ సైటు తెరిచినా ముందు కారు దగ్గరికి వెళ్లి నాలుగు వివరాలు రాసుకోవాలి: ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, గేరుబాక్సు రకం, కారు తయారైన నెల. 17 అక్షరాల ఛాసిస్ నంబరునే విన్ అంటారు. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు ఉండవు. అందుకే గుండ్రంగా కనిపించేది సున్నాయే, నిలువు గీత ఒకటే. 8ని బీగా, 5ను ఎస్‌గా పొరబడటం మాత్రం మామూలే. తుప్పు పట్టిన ప్లేటును గీకకుండా, పక్కనుంచి టార్చి వేసి ఫోటో తీస్తే అక్షరాలు తేలతాయి. జపాన్ దేశీయ మార్కెట్ కోసం తయారైన కార్లకు 17 అక్షరాల నంబరు ఉండదు. ఏఈ86 వంటి మోడల్ కోడు, ఒక గీత, ఆ తర్వాత వరుస సంఖ్య ఉంటాయి. దీన్నే ఫ్రేమ్ నంబరు అంటారు. అలాంటి కారును విన్ మాత్రమే అడిగే సైటులో వెతకడం వృథా ప్రయాస.

తయారైన నెల ఎందుకంటే, మోడల్ సంవత్సరం, తయారైన సంవత్సరం ఒకటి కావు. 1998 మోడల్‌గా అమ్ముడైన కారు 1997 ఆగస్టులోనే ఫ్యాక్టరీ దాటి ఉండవచ్చు. పార్టు మారింది 1997 అక్టోబరులో అయితే, 1998 అని వెతికినవాళ్లకు తప్పుడు పార్టే వస్తుంది. డోరు దగ్గరి ప్లేటు పోయి ఉంటే సీటు బెల్టు అడుగున కుట్టిన చీటీ చూడండి. చాలా బెల్టుల మీద తయారీ తేదీ ఉంటుంది. బెల్టు మార్చకపోయి ఉంటే కారు ఆ తేదీకి కాస్త తర్వాత తయారైనట్టే.

బీఎండబ్ల్యూ కారుకైతే రియల్‌ఓఈఎం తర్వాతే ఇంకేదైనా. విన్‌లో చివరి ఏడు అక్షరాలు ఇస్తే మోడల్, తయారైన నెల చూపించి, బొమ్మల కాటలాగు తెరుస్తుంది. ప్రతి పార్టు వరుసలో ‘ఎప్పటి నుంచి’, ‘ఎప్పటి వరకు’ అనే గడులు ఉంటాయి. ఈ సైటు విలువంతా ఆ రెండు గడుల్లోనే ఉంది. నంబరు మీద నొక్కితే అదే పార్టు ఇంకా ఏయే మోడళ్లకు వాడారో తెలుస్తుంది. పాత కార్ల నుంచి విప్పిన సామాన్లలో వెతికేవాళ్లకు ఇది పెద్ద వరం. తాను పార్టులు అమ్మదు కాబట్టి ఏదో ఒకటి అంటగట్టే తొందర కూడా లేదు.

బీఎండబ్ల్యూ నంబరు ఎలా కట్టి ఉంటుందో ఒకటి విప్పి చూద్దాం. 11 42 7 512 300 అనేది ఎం54 ఇంజిన్ ఆయిల్ ఫిల్టరు. 11 అంటే ఇంజిన్, 42 అంటే ఆయిల్ ఫిల్టరు ఉపవిభాగం, మిగిలిన ఏడు అంకెలు ఆ పార్టు సొంత నంబరు. బ్రేకు సామాను 34తో మొదలవుతుంది. కాబట్టి బ్రేకు ప్యాడ్ కోసం వెతుకుతుంటే 11తో మొదలయ్యే నంబరు ఎదురైతే అక్కడే ఆగిపోవచ్చు.

టొయోటా, నిస్సాన్, హోండా వంటి జపాన్ బ్రాండ్లకు పార్ట్‌సౌక్, అమయామా రెండూ మంచివే. రెండూ ఫ్యాక్టరీ బొమ్మలు చూపిస్తాయి, రెండూ పార్టులు అమ్ముతాయి. జపాన్ ఫ్రేమ్ నంబరు కూడా తీసుకుంటాయి. యూరప్ బ్రాండ్లు కలిసి ఉన్న ఇంట్లో పార్ట్‌సౌక్ ఎక్కువ అక్కరకొస్తుంది. ఈ సైట్లలో జనం ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది: బొమ్మలో పార్టు గుర్తించి, దాని కింద కనిపించిన మొదటి నంబరును కాపీ చేసేస్తారు. ఒకే బొమ్మ నంబరు కింద నాలుగైదు వరుసలు ఉంటే ప్రతి వరుసలోని తేదీలు, ఇంజిన్ కోడు, గేరుబాక్సు గుర్తు చదివి, మన కారుకు సరిపోని వరుసలను ఒక్కొక్కటిగా కొట్టేయాలి. చివరికి రెండు మిగిలితే విన్ ఒక్కటే చాలదని అర్థం. అప్పుడు కారు మీదున్న పార్టును కొలవాల్సిందే.

టొయోటాలో మొదటి ఐదు అంకెలు పార్టు రకాన్ని చెబుతాయి. 90915 ఆయిల్ ఫిల్టరు, 04465 ముందు డిస్కు ప్యాడ్లు, 81110 కుడి హెడ్‌లైటు, 81150 ఎడమది. కుడి ఎడమలు ఎప్పుడూ డ్రైవరు సీట్లో కూర్చుని ముందుకు చూస్తే వచ్చేవే. కారుకు ఎదురుగా నిలబడి చూసి ఆర్డరు పెట్టారో, తారుమారే. హోండా 15400-పీఎల్‌ఎం-ఏ02లో 15400 ఆయిల్ ఫిల్టరు. మధ్యలోని మూడు అక్షరాలు ఆ పార్టును మొదట ఏ మోడల్‌కో ఇంజిన్‌కో రూపొందించారో చెబుతాయి. ఆ పార్టు దానికి మాత్రమే సరిపోతుందని కాదు. మధ్య కోడు తన మోడల్‌ది కాదని సరైన ఫిల్టరును తిప్పి పంపేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఇదే.

ఫోక్స్‌వ్యాగన్, ఆడీ నంబర్లు చదవడం వస్తే సగం పని అయినట్టే. నంబరు మొదట్లో 1జే0 ఉంటే గోల్ఫ్ నాలుగో తరం. అదే 1జే1 అయితే స్టీరింగు ఎడమవైపు ఉన్న కారుది, 1జే2 కుడివైపు ఉన్న కారుది. మధ్య మూడంకెల్లో మొదటిది విభాగం: 1 ఇంజిన్, 6 చక్రాలు బ్రేకులు, 8 బాడీ, 9 కరెంటు సామాను. జతగా వచ్చే పార్టుల్లో సాధారణంగా చివరి అంకె బేసి అయితే ఎడమది, సరి అయితే కుడిది. ముందు మడ్‌గార్డులు 821 105, 821 106 అలాంటి జతే. అంకెల తర్వాత వచ్చే చివరి అక్షరాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. అది మారితే ఒకోసారి మెరుగుపరచిన అదే పార్టు, ఒకోసారి కొలతే వేరైన పార్టు. బ్రేకుల విషయంలో విన్‌తో పాటు స్పేరు చక్రం గుంటలోనో సర్వీసు పుస్తకంలోనో అంటించిన స్టిక్కరు మీది మూడక్షరాల పీఆర్ కోడ్లు (ఫ్యాక్టరీలో ఆ కారుకు ఏ రకం సామాను అమర్చారో చెప్పేవి) చూసి, కాటలాగులో అదే కోడున్న వరుసే తీసుకోవాలి.

నంబరు మార్పుల దగ్గర ఇంకో చిక్కు. పాత నంబరు ఆపేసి కొత్తది ఇచ్చినప్పుడు కొత్తది పాత కారుకు సరిపోతుంది. పాతది కొత్త కారుకు సరిపోతుందన్న భరోసా లేదు. కొన్నిసార్లు ఒక నంబరు స్థానంలో రెండు వస్తాయి: పంపు ఒకటి, దానికి కొత్త గాస్కెటు లేదా బోల్టులు మరొకటి. పంపు ఒక్కటే తెప్పిస్తే పాత బోల్టు పొడవు చాలక, గాస్కెటు దగ్గర నీళ్లు కారతాయి. అందుకే మార్పు నంబరు పక్కనున్న సూచనను చదవకుండా ఆర్డరు పెట్టొద్దు. ఎన్ని కావాలో చెప్పే గడీ అంతే ముఖ్యం. 16 వాల్వుల ఇంజిన్‌కు 16 వాల్వు సీళ్లు కావాలి. చాలా ఇంజిన్లలో ఇన్‌టేక్‌వి ఎనిమిది ఒక నంబరు, ఎగ్జాస్ట్‌వి ఎనిమిది ఇంకో నంబరు.

రాక్‌ఆటో తీరు వేరు. అది సంవత్సరం, మోడల్ ఒక్కొక్కటిగా ఎంచుకుంటూ వెళ్లే ఆన్‌లైన్ దుకాణం, ఉత్తర అమెరికాలో అమ్ముడైన కార్లకే అల్లినది. ‘ఈ కారుకు ఏ పార్టు’ అన్న ప్రశ్నకు దాన్ని ఆఖరి మాటగా తీసుకోవద్దు. అయితే ఫ్యాక్టరీ నంబరు చేతిలో ఉన్నాక దాని అసలు ఉపయోగం మొదలవుతుంది. ఆ నంబరును పార్ట్ నంబరు వెతుకుడులో వేస్తే ఇతర తయారీదారుల సమానమైన పార్టులు బయటపడతాయి. ఒక్కో పార్టు వివరాల్లో సమాన నంబర్ల జాబితా కూడా ఉంటుంది. ముందు ఫ్యాక్టరీ కాటలాగు, తర్వాత ఇది. ఈ వరుస తిరగేస్తే తప్పు ఎక్కడ దొర్లిందో కూడా పట్టుకోలేం.

ఫ్యాక్టరీ పార్టు తయారీ ఆగిపోయిందని వస్తే ఏ సైటూ చెప్పని దారి పార్టు ఒంటి మీదే ఉంటుంది. బేరింగు మీద 6203 అని ఉంటే లోపలి రంధ్రం 17, బయటి వ్యాసం 40, మందం 12 మిల్లీమీటర్లు. అది ఏ బేరింగుల కొట్లో అయినా దొరికే కొలత. బెల్టు మీద 6పీకే1195 అంటే పొడవునా ఆరు గట్లు (రిబ్స్), 1195 మిల్లీమీటర్ల పొడవు. ఆయిల్ సీలు మీద మూడు సంఖ్యలుంటే అవి లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. 0 280తో మొదలయ్యే బాష్ నంబరు ఫ్యూయల్ ఇంజెక్షన్ సామానుది, 0 258 ఆక్సిజన్ సెన్సారుది. ఇలాంటి నంబరు దొరికితే కారు బ్రాండును పక్కనపెట్టి దాన్నే వెతకండి. సెన్సారు విషయంలో వైరు పొడవు, ప్లగ్గు ఆకారం కూడా సరిచూడాలి. పోత ఇనుము మీద ఉబ్బెత్తుగా ఉన్న అంకెలను మాత్రం పార్ట్ నంబరు అనుకోవద్దు. అది చాలాసార్లు అచ్చు నంబరే. ఒకే అచ్చులో పోసిన రెండు భాగాలకు రంధ్రాలు వేరువేరు చోట్ల వేసి ఉండవచ్చు.

పార్టు చేతికొచ్చాక ప్యాకెట్ చింపకముందే చీటీ మీది నంబరును ఆర్డరుతో అక్షరం అక్షరం పోల్చండి. వేరుగా ఉంటే, అది అధికారిక మార్పు నంబరేమో కాటలాగులో చూడండి. తర్వాత పాత పార్టును పక్కన పెట్టి రంధ్రాల మధ్య దూరం, మందం, ప్లగ్గులోని పిన్నుల సంఖ్య సరిపోల్చాలి. పాతది ఇంకా కారుకే బిగించి ఉంటే కొలవగలిగినంత కొలిచాకే విప్పండి. కరెంటు సామాన్లను ప్యాకెట్ తెరిచాక వెనక్కి తీసుకోని దుకాణాలు చాలా ఉన్నాయి.