కార్పల్ టన్నెల్ తీవ్రత: రక్తపరీక్షా, నరపరీక్షా?

మణికట్టు ఎముకలకూ, వాటిపై అడ్డంగా ఉండే లిగమెంటుకూ (గట్టి పట్టీకి) మధ్యనున్న ఇరుకు దారే కార్పల్ టన్నెల్. అందులో 9 టెండన్లతో (కండరాలను ఎముకలకు కలిపే తాళ్లతో) పాటు మీడియన్ నరం కూడా సాగుతుంది. అక్కడ ఒత్తిడి పెరిగితే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం తిమ్మిరెక్కి, అర్ధరాత్రి లేచి చెయ్యి విదిలించుకోవలసి వస్తుంది. చిటికెనవేలు సాధారణంగా తప్పించుకుంటుంది.

ఈ జబ్బు ఎంత ముదిరిందో ఒంట్లో వాపును (ఇన్‌ఫ్లమేషన్‌ను) సూచించే సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ వంటి రక్తపరీక్షలతో తేల్చవచ్చా? ఇవి తేలికైన పరీక్షలే. వాపునే సూచించే న్యూట్రోఫిల్-లింఫోసైట్ (రెండు రకాల తెల్ల రక్తకణాల) నిష్పత్తి అయితే మామూలు రక్తకణాల లెక్కలోంచే ఒక్క భాగహారంతో వస్తుంది. కానీ ఇవి చెప్పేది ఒళ్లంతటి సంగతి. చిగుళ్ల వాపు, ఊబకాయం కూడా సీఆర్‌పీని పెంచగలవు. పైగా, ప్రత్యేక కారణం కనిపించని రోగులలో టెండన్ల చుట్టూ ఉన్న పొర వాపుకంటే ఎక్కువగా పీచుకట్టి మందమెక్కడమే కనిపిస్తుంది.

నరాల వాహక పరీక్ష నేరుగా ఆ నరాన్నే ప్రశ్నిస్తుంది. మణికట్టు దగ్గర చురుక్కుమనే చిన్న విద్యుత్ తాకిడి ఇచ్చి, బొటనవేలి మొదట్లోని కండరం ఎన్ని మిల్లీసెకండ్లకు స్పందించిందో కొలుస్తారు. స్వల్ప దశలో స్పర్శ సంకేతం మాత్రమే నెమ్మదిస్తుంది, మధ్యస్థ దశలో కండర సంకేతమూ ఆలస్యమవుతుంది, తీవ్ర దశలో స్పర్శ సంకేతం అసలు అందకపోవచ్చు. లక్షణాలున్నా ఫలితం మామూలుగా వచ్చేవారూ కొందరుంటారు, అది దీని లోపం.

తీవ్రతకు నరపరీక్షనే నమ్మాలని నా అభిప్రాయం. రక్తపరీక్ష కారణాన్ని వెతకడానికి పనికొస్తుంది: సీఆర్‌పీ బాగా పెరిగి, ఉదయంపూట వేళ్ల కీళ్లు బిగుసుకుపోతుంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను అనుమానించాలి, మధుమేహం, థైరాయిడ్ లోపం కూడా అక్కడే బయటపడతాయి.