అంబాజీపేట దగ్గరి పెరటి తోటలో రెండు రోజులు

కోనసీమలో అంబాజీపేటకు సమీపంలోని ఒక పల్లెలో, పాత పెంకుటింటిలోని రెండు గదులను అతిథులకు అద్దెకిచ్చే ఒక కుటుంబం వద్ద మేము ఈ మాఘమాసంలో రెండు రోజులు ఉన్నాము. గదులు శుభ్రంగా ఉన్నాయి, అద్దె కూడా న్యాయంగానే ఉంది. అయితే అక్కడికి వెళ్లడానికి అసలు కారణం ఇంటి వెనుక ఉన్న పెరడు.

పైన కొబ్బరి, దాని నీడలో అరటి, కోకో, కొబ్బరి మానులను పట్టుకుని పాకిన మిరియపు తీగలు, నేలలో కంద, పసుపు, దడి వెంట పనస, పంపరపనస: ఒకే జాగాలో ఇన్ని అంతస్తుల పంట నిలవడానికి గోదావరి ఒండ్రు ఎంత కారణమో, ఏ మొక్కకు ఎంత నీడ కావాలో ఎరిగిన ఇంటివారి నేర్పూ అంతే కారణం. నూతి దగ్గర వాడిన నీరు చిన్న బోదె గుండా అరటి పాదులకు చేరుతుంది. కొబ్బరికాయ ముదరడానికి సుమారు 12 నెలలు పడుతుంది గనుక పూత మొదలు ముదురు కాయ వరకు అన్ని వయసుల గెలలనూ ఒకే చెట్టు మీద చూడవచ్చునని ఇంటి పెద్దావిడ చూపించినప్పుడు, కొబ్బరిని నిత్యం వాడే నాకు ఇంతకాలం ఈ సంగతి తెలియలేదే అనిపించింది. రెండవ రోజు ఆమె పాలు అంటకుండా చేతికీ కత్తికీ నూనె రాసుకుని, పెరటి లేత పనసకాయను పొట్టుగా కొట్టి, ఆవ పెట్టి కూర వండారు. ఆ ఒక్క భోజనానికే మళ్లీ వెళ్లవచ్చు.

నాకు బాధ కలిగించినవీ ఉన్నాయి. మొదటి ఉదయం టిఫిను పట్నం హోటలు నుంచి తెప్పించారు. తలెత్తితే కొబ్బరి బొండాలు కనిపించే చోట డబ్బా పళ్లరసం ఇచ్చారు. అతిథుల కోసమని కంద పాదులు కొన్ని తీసివేసి పచ్చగడ్డి పరిచారు. మేము అడగకపోతే తోట చూపించేవారే లేరు. కేరళలోని కుమరకంలో ఊరి ఇళ్లలో పండిన కూరగాయలను హోటళ్లు కొనే ఏర్పాటు 2008లో మొదలైంది. ఈ ఇంటివారికి పంట, వంట, అతిథి మూడూ ఒకే గడపలో ఉండగా బయటి తిండి ఎందుకు?

పిల్లలతో వెళ్లేవారు కొబ్బరి దింపు ఎప్పుడో ముందుగా ఫోనులో కనుక్కుని ఆ రోజుకు గది తీసుకోవాలి, రెండు పూటలా పెరటి కూరలే వండమని అప్పుడే చెప్పాలి.